సార్జంటుగారి మిగ్ విమానంలో నీలం ఎందుకు ఎక్కువైంది?

వైమానిక దళంలో ఇరవై ఏళ్ళు మెకానిక్కుగా చేసి, రిటైరయ్యాక మా ఊళ్ళో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నారు. వయసు 72. ఊరంతా ఆయన్ని సార్జంటుగారనే పిలుస్తారు. నెలకోసారి బి.పి. మాత్రల కోసం మా ఓ.పి.కి వస్తారు. క్యూలో నిలబడటం, చీటీ చూపించడం, మాత్రలు లెక్కపెట్టుకోవడం అన్నీ మిలిటరీ పద్ధతే. 2025 నవంబరులో మాత్రం ఆయన వెనకాలే ఆయన శ్రీమతి కూడా వచ్చారు. ఆవిడ చేతిలో ఒక చెప్పుల పెట్టె.

"డాక్టరుబాబూ, బి.పి. సంగతి తర్వాత చూద్దురుగాని. ముందు ఈ తగువు తీర్చండి. పదిరోజుల్నించీ ఈయనకీ మనవడికీ మాటల్లేవు" అంటూ ఆవిడ పెట్టె మూత తీశారు.

లోపల దూదిలో పడుకోబెట్టిన మిగ్-21 విమానం. అసలు విమానానికి 48వ వంతు. రెక్క చివరినుంచి రెక్క చివరికి సుమారు 15 సెంటీమీటర్లు. ఒళ్ళంతా వెండిలా మెరుస్తోంది. ముక్కు దగ్గరి గొట్టం, చక్రాల వెనక సన్నటి పైపులు, అన్నీ ఉన్నాయి. పైలట్ కూర్చునేచోట గాజుమూత ఇంకా అతికించలేదు. తగువంతా అక్కడే.

ఆ సంవత్సరం సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు వాయుసేన వీడ్కోలు చెప్పింది. 1963లో ఏ ఊళ్ళో మొదలయిందో ఆ ఊళ్ళోనే ముగిసింది. టీవీలో అది చూసి సార్జంటుగారు రాత్రంతా నిద్రపోలేదట. పట్నంలో ఉన్న కొడుకు ఇది గమనించి, చెక్ దేశపు కంపెనీవారి ప్లాస్టిక్ కిట్టు ఒకటి తెప్పించి పంపాడు. నెలన్నరపాటు మనిషి ఇంట్లో ఉన్నట్టే లేదట. పొద్దున్నే స్నానం, కాఫీ, ఆ తర్వాత బల్ల ముందే.

రష్యావాళ్ళు యుద్ధవిమానాల్లో పైలట్ గది లోపల వేసే రంగు ఒకటుంది. పూర్తి నీలమూ కాదు, పూర్తి ఆకుపచ్చా కాదు. నెమలి మెడమీది రంగు కాస్త వెలిసిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. సార్జంటుగారు మిగ్-21 బిస్ రకం విమానాల మీద ఏళ్ళతరబడి పనిచేసిన మనిషి. ఆ రంగును డబ్బాలోంచి తీసి వేయలేదు, నాలుగు రంగులు తానే కలుపుకున్నారు. సెలవులకు వచ్చిన పదేళ్ళ మనవడు చూసి, ఫోనులో అసలు విమానం ఫొటో పక్కన పెట్టి, "తాతయ్యా, లోపల మరీ ఇంకు నీలం వేశావు" అన్నాడు.

"ఆ గదిలో తలపెట్టి ఎన్ని వందలసార్లు పనిచేశానండీ! ఈ కుర్రకుంక నాకు చెబుతాడా?" అన్నారు ఆయన నాతో. గొంతులో నిజంగా బాధ ఉంది.

నేను చూశాను. కుర్రవాడే రైటు. ఇంకు నీలమే.

తీర్పు చెప్పకుండా ఆయన్ని కిటికీవైపు తిప్పి, టార్చిలైటు వేసి కళ్ళు చూశాను. నల్లగా ఉండవలసిన కనుపాపల్లో బూడిద, పసుపు కలిసిన మబ్బు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ఉన్నాయి, ఎడమకంట ముదిరింది. రాత్రిపూట ఎదురొచ్చే లారీ లైట్లు చెదిరినట్టు కనిపిస్తున్నాయా అని అడిగితే, "రెండేళ్ళనుంచీ. అందుకే స్కూటరు మానేశాను" అన్నారు. రెండేళ్ళుగా బి.పి.కోసం నా దగ్గరికే వస్తున్నారు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇందులో నా తప్పు కూడా ఉంది.

కంట్లో సహజంగా ఉండే కటకం పుట్టినప్పుడు నీళ్ళలా స్వచ్ఛంగా ఉంటుంది. వయసుతోపాటు పసుపురంగు పట్టి, చివరికి కొందరిలో గోధుమరంగుకు వస్తుంది. పసుపు కళ్ళద్దం పెట్టుకుంటే ఏమవుతుంది? నీలిరంగు వెలుతురు లోపలికి సరిగా రాదు. ఇది పదేళ్ళు, పదిహేనేళ్ళ మీద మెల్లగా జరుగుతుంది కాబట్టి మెదడు సర్దుకుంటుంది, మనిషికి తేడా తెలియదు. అందరూ ఇలా రంగులు తప్పుతారని కాదు. కానీ ముప్పైఏళ్ళ కిందటి కళ్ళతో చూసిన రంగు మనసులో ఉండి, దాన్ని ఇప్పటి కళ్ళతో కలపబోతే, ఎంత నీలం పోసినా చాలనట్టే అనిపిస్తుంది. ఫ్రాన్సు దేశంలో మోనే అనే గొప్ప చిత్రకారుడికీ ఇదే వచ్చింది. రంగుల గొట్టాల మీద పేర్లు చూసి రంగు వేసే స్థితికి వచ్చి, ఆఖరికి 1923లో ఒక కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు.

కంటి విభాగానికి చీటీ రాసి పంపించాను. ఏం జరిగిందో తర్వాత చెబుతాను. ఈ వారం ఈ హాబీ గురించే రాయాలని అప్పుడే అనుకున్నాను. ఎందుకంటే, ఎవరికీ చెప్పకండి, నాకూ ఈ పిచ్చి ఉంది.

ఇంతకూ ఇదేమిటంటారా? పాలిస్టిరీన్ అనే ప్లాస్టిక్‌తో చట్రాలకు అతుక్కుని వచ్చే ముక్కలను కోసి, అంచులు నున్నగా అరగదీసి, జిగురుతో అతికించి, రంగులు వేసి అసలు యంత్రానికి అచ్చుగుద్దిన నమూనా తయారుచేయడం. టాంకులు ఎక్కువగా 35వ వంతులో, విమానాలు 48 లేదా 72వ వంతులో వస్తాయి. రష్యన్ యంత్రాలకు ఈ లోకంలో ప్రత్యేకమైన అభిమానులున్నారు. హిట్లరు సేనలను తరిమిన టి-34 టాంకు, యుద్ధకాలంలో 36 వేలకు పైగా తయారైన ఇల్యూషిన్-2 విమానం కట్టనివాడు ఈ హాబీలో అరుదు. మాస్కో పక్కన లోబ్న్యా అనే ఊళ్ళో 1990లో పెట్టిన జ్వెజ్దా కంపెనీ ఇలాంటి కిట్లనే చేస్తుంది. మనకీ ఈ యంత్రాలు పరాయివి కావు. మిగ్-21కి ఇంజన్లు కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో తయారయ్యేవి. బి.ఎం.పి.-2 సాయుధ శకటం సారథ్ పేరుతో మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారైంది. విశాఖ బీచి రోడ్డులో 2017లో మ్యూజియంగా మార్చిన టుపొలెవ్-142ని చూడని పిల్లవాడు ఆ ఊళ్ళో ఉండడు. దాన్ని 72వ వంతులో కట్టినా రెక్కలు 70 సెంటీమీటర్లు వస్తాయి. ఎక్కడ పెడతారని ఇంటావిడ అడిగితే జవాబు చెప్పలేం.

వాసన పోయిందంటే విషం పోయినట్టు కాదు

ఇంజనీరింగు చదివే కుర్రవాడొకడు తలనొప్పితో వచ్చాడు. అప్పటికే స్కాను తీయించారు. ఏమీ లేదు. కళ్ళజోడు మార్పించారు, తగ్గలేదు. తల్లి దిష్టి కూడా తీసింది. తలనొప్పి ఏ రోజుల్లో వస్తుందో ఒక కాగితం మీద రాసుకురమ్మన్నాను. మూడు వారాల తర్వాత తెచ్చాడు. ప్రతిసారీ ఆదివారం రాత్రి, సోమవారం పొద్దున. మిగిలిన రోజుల్లో హాయిగానే ఉన్నాడు.

"శని ఆదివారాల్లో ఏం చేస్తావు నాయనా?"

"సుఖోయ్-27 కడుతున్నాను సార్."

సుఖోయ్ విమానం మీద లేత నీలం, ముదురు నీలం ఒకదాంట్లోకి ఒకటి కరిగినట్టు కలుస్తాయి. అది కుంచెతో రాదు, గాలితో పొగమంచులా చిమ్మే ఎయిర్‌బ్రష్ కావాలి. మనవాడు లాకర్ రంగుల్లో థిన్నరు పోసి, తలుపులు కిటికీలు మూసి, ఎ.సి. వేసుకుని కొట్టేవాడు. ఎ.సి. ఉంది కదా, గాలి మారుతుంది కదా అని వాడి ధీమా. పాఠకుల్లోనూ చాలామంది అలాగే అనుకుంటున్నారేమో. ఇళ్ళల్లో గోడకు పెట్టే ఎ.సి. బయటి గాలిని లోపలికి తేదు. గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ మన ముఖాన కొడుతుంది. థిన్నరు ఆవిరినీ అంతే.

లాకర్ థిన్నరులో టొలుయీన్, జైలీన్, అసిటోన్ వంటివి ఉంటాయి. ఇవి ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కణ్ణించి మెదడుకి త్వరగా చేరతాయి. మొదట తల దిమ్ము, వికారం, కళ్ళు మంట, తలనొప్పి. గాలిలోకి వస్తే తగ్గిపోతాయి. ఏళ్ళతరబడి ఇదే పనిగా పీల్చేవారికి జ్ఞాపకశక్తి, నరాలు దెబ్బతింటాయి. అసలు మోసం ఏమిటంటే, పది పదిహేను నిమిషాలకల్లా ముక్కు అలవాటుపడి వాసన తెలియడం మానేస్తుంది. ఆవిరి అలాగే ఉంటుంది.

ప్లాస్టిక్‌ను కరిగించి అతికే నీళ్ళలాంటి జిగుళ్ళలో కొన్నింట్లో డైక్లోరోమీథేన్ ఉంటుంది. సీసా మీద మిథిలీన్ క్లోరైడ్ అని కూడా రాస్తారు. ఇది ఒంట్లోకి వెళ్ళాక కొంతభాగం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. చలికాలం కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకున్నవారిని చంపే వాయువు అదే. గుండెజబ్బు ఉన్నవారు ఈ రకం జిగురు ముట్టవద్దు. గర్భిణీలు ఏ థిన్నరు వాసనా తగిలే గదిలో ఉండకూడదు. భర్త రంగులు కొట్టేచోటే కూర్చుని చిక్కుడుకాయలు ఒలవడం ఆ తొమ్మిది నెలలూ మానుకోవాలి. అంతకంటే భర్తగారే డాబా మీదికి వెళ్ళడం మర్యాద.

మరి ఏం చేయాలి? గాలిని బయటికి తోసే ఏర్పాటు ఉండాలి. అసలైన పద్ధతి చిమ్మేచోట పెట్టెలాంటి గూడు, దానికి ఫాను, ఫాను నుంచి కిటికీ బయటికి గొట్టం. అది లేనివారు డాబామీదో, గాలి వీచే వరండాలోనో కొట్టుకోవాలి. కరోనా రోజుల్లో కొన్న ఎన్-95 మాస్కు రంగు తుంపరలను ఆపుతుందేగాని ఆవిరిని ఆపదు. ఆవిరికి బొగ్గు డబ్బాలున్న మాస్కు వేరే ఉంటుంది. గడ్డం ఉంటే అది కూడా ముఖానికి సరిగా అంటదు. ఇంకో మాట. ఈ ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకుతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది. పక్కగదిలో దేవుడి దగ్గర దీపం వెలుగుతుంటే సీసా మూత తీయవద్దు.

నీళ్ళతో కలిపే అక్రిలిక్ రంగులు ఇంటికి మేలు. కాని అవీ పొగమంచులా చిమ్మినప్పుడు ఊపిరితిత్తులకు నీళ్ళేం కావు, మాస్కు కావలసిందే. మిగ్-21 లాంటి వెండిరంగు విమానాల దగ్గరే చిక్కు. లోహపు మెరుపు బాగా రావాలని చాలామంది లాకర్లకే దిగుతారు. సార్జంటుగారు ఏం చేశారో అడిగాను. పెరట్లో జామచెట్టు కింద కొట్టారట. ఆయన సర్వీసులో నేర్చుకున్నది ఊరికే పోలేదు.

కుర్రవాడి తలనొప్పి కిటికీ తెరిచిన వారంలో పోయింది. స్కానుకైన డబ్బుతో ఎన్ని సుఖోయ్‌లు వచ్చేవో వాళ్ళ నాన్నగారు లెక్క వేశారు.

మంచినీళ్ళ సీసాలో థిన్నరు

ఇది రాయడానికి మనసొప్పదు గాని రాయకుండా ఈ వ్యాసం ముగించలేను. నేను వేరే ఊళ్ళో పనిచేసేటప్పుడు ఒక రాత్రి తొమ్మిది గంటలకు రెండున్నరేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుని నలుగురు పరుగెత్తుకొచ్చారు. తండ్రికి టాంకులు కట్టే సరదా. ఎనామిల్ రంగుల కుంచెలు కడగడానికి వాడే థిన్నరు పెద్ద డబ్బాలోంచి కొంచెం కొంచెం వంచుకోవడం కష్టమని, చిన్న మంచినీళ్ళ సీసాలో పోసి బల్లమీద పెట్టుకున్నాడు. కరెంటు పోతే కొవ్వొత్తికోసం వంటింట్లోకి వెళ్ళాడు. దాహం వేసిన పిల్లవాడికి సీసా అందింది.

తాగింది ఎక్కువ కాదు, రెండు గుక్కలు. పిల్లవాడు దగ్గాడు, ఏడ్చాడు, కాసేపటికి మామూలుగానే ఉన్నాడు. నాయనమ్మ కంగారుపడి ఉప్పునీళ్ళు పట్టించి, గొంతులో వేలు పెట్టి కక్కించింది. అప్పణ్ణుంచీ ఎగశ్వాస.

ఆవిడది తప్పని నేను అనను. విషం తాగితే కక్కించాలని మన పెద్దవాళ్ళు తరతరాలుగా నమ్ముతున్నారు. కాని కిరసనాయిలు, టర్పెంటైను, పెట్రోలు, రంగుల థిన్నరు, వీటి తీరు వేరు. కడుపులో ఉన్నంతసేపు ఇవి చేసే హాని తక్కువ. పలచగా జారే ద్రవాలు కాబట్టి కక్కేటప్పుడు గొంతులోంచి పక్కనున్న గాలిగొట్టంలోకి దిగిపోతాయి. ఊపిరితిత్తులకు ఒకటి రెండు చుక్కలు చాలు. అక్కడి పలచటి పొరలను కరిగించి న్యుమోనియా తెస్తాయి. ఉప్పునీళ్ళు పసిపిల్లలకు మరో ప్రమాదం. రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ వస్తాయి.

ఆ రాత్రి ఆక్సిజన్ పెట్టాం. తెల్లారేసరికి జ్వరం 103. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల కింది భాగాలూ తెల్లగా ఉన్నాయి. మూడోరోజు దాకా ఆ తల్లికి నేను ఏ హామీ ఇవ్వలేకపోయాను. ఆరోరోజు పిల్లవాడు ఇడ్లీ అడిగాడు. బతికాడు. ఆ ఆరు రోజులూ తండ్రి వార్డు బయట గోడకానుకుని నిలబడ్డాడేగాని కూర్చోగా నేను చూడలేదు.

కాబట్టి ఇంట్లో పిల్లలు ఇలాంటివి తాగితే కక్కించకండి. ఉప్పునీళ్ళు, చింతపండు పులుసు, పాలు, నూనె ఏదీ పట్టవద్దు. ఒంటిమీద, బట్టలమీద పడితే బట్టలు తీసేసి సబ్బునీళ్ళతో కడగండి. తాగిన సీసా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి రండి, వాహనం లేకపోతే 108కి ఫోను చేయండి. పిల్లవాడు ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో ఉంచవద్దు. కనీసం ఆరు గంటలైనా మా కళ్ళముందు ఉండాలి. దగ్గు, ఆయాసం, మగత ఆలస్యంగా కూడా మొదలవుతాయి. అసలు థిన్నరు వచ్చిన డబ్బాలోంచి మరో దానిలోకి, ముఖ్యంగా తాగే సీసాలోకి, గ్లాసులోకి పోయనే వద్దు. తాళం వేసే బీరువాలో పై అరలో పెట్టండి.

చిన్నపిల్లలున్న ఇంట్లో మరో వస్తువుకూ భయపడాలి. విమానం రెక్కలు, బాంబులు ఊడదీసి పెట్టుకోవడానికి కొందరు గింజంతేసి అయస్కాంతాలు లోపల అమరుస్తారు. ఒకటి మింగితే చాలావరకు దొడ్డికి పోతుంది. రెండు మింగితే పేగుల్లో ఒకదానినొకటి పట్టుకుని, మధ్యలో ఇరుక్కున్న పేగుకు చిల్లు పెడతాయి. మింగాడని అనుమానం వచ్చినా సరే, అరటిపండు పెట్టి తెల్లారేదాకా చూడవద్దు. ఆ రాత్రే ఎక్స్‌రే తీయించాలి.

నా లుంగీ కథ

ఇక నా ఘనకార్యం. ప్లాస్టిక్‌కు ఇత్తడి రేకు ముక్కలు అతికించాలంటే చిటికెలో పట్టే జిగురు కావాలి. సయనోఅక్రిలేట్ అంటారు, కిరాణా కొట్లలోనూ దొరికే ఆ చిన్న గొట్టమే. ఒక ఆదివారం టి-34 టాంకుకు పక్క రేకులు అతికిస్తుండగా గొట్టం పగిలి, జిగురు నా నూలు లుంగీమీద పడింది. మూడు సెకండ్లలో పొగ! తొడమీద సలసల కాగిన నూనె పడ్డట్టు మంట. ఈ జిగురు నూలుబట్టకో దూదికో తగిలితే ఒక్కసారిగా గడ్డకడుతూ విపరీతమైన వేడి పుట్టిస్తుంది. డాక్టరునయ్యుండీ నాకు అప్పటిదాకా తెలియదు. లుంగీ లాగేసి మగ్గుతో నీళ్ళు కుమ్మరించుకుంటుంటే మా ఆవిడ వచ్చి, "ఏమండీ, యుద్ధం మనింట్లోనే మొదలయిందా?" అంది. రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది. మచ్చ ఇప్పటికీ ఉంది.

కాబట్టి ఒలికిన జిగురును దూదితో, పాతబట్టతో తుడవకండి. కాలిన చోట ఇరవై నిమిషాలు ధారగా చల్లనీళ్ళు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు వద్దు. వేళ్ళు అతుక్కుంటే లాగవద్దు. గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ఉంచి పెన్సిలును దొర్లించినట్టు మెల్లగా దొర్లించి విడదీయాలి. కంట్లో పడి రెప్పలు అతుక్కుంటే నీళ్ళతో కడిగి, తడిగుడ్డ వేసుకుని అదేరోజు కంటిడాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రెప్పలు బలవంతంగా విడదీయకూడదు, అసిటోన్ అసలు దగ్గరికి రానీయకూడదు. సాధారణంగా కొద్దిరోజుల్లో వాటంతటవే విడివడతాయి.

కత్తి గురించి ఎక్కువ చెప్పను. గుండ్రటి పిడి ఉన్న ఆ సన్నకత్తి బల్లమీంచి దొర్లితే ఆపడానికి తొడలు దగ్గరికి చేరుస్తాం. చేర్చవద్దు, పడనివ్వండి. కాళ్ళకు చెప్పులు వేసుకుని కూర్చోండి. వేలు తెగితే పది నిమిషాలు గట్టిగా అదిమిపట్టండి. తెగిన వేలు వంగకపోయినా, చివర స్పర్శ తెలియకపోయినా గాయం చిన్నదే కదా అనుకోకండి, నరమో స్నాయువో తెగివుండవచ్చు. టెటనస్ టీకా వేసుకుని పదేళ్ళయితే మళ్ళీ వేసుకోవాలి. మురికి గాయమైతే అయిదేళ్ళు దాటినా వేసుకోవాలి.

కుంచె మొనను పెదవులతో సన్నం చేసే అలవాటు మాత్రం ఇవాళే మానండి. 1917 నుంచి అమెరికాలో గడియారం అంకెలకు రేడియం పూసిన ఆడపిల్లలు అలాగే కుంచె మొన నోట్లో పెట్టుకుని దవడ ఎముకలు కుళ్ళి చనిపోయారు. మన రంగుల్లో రేడియం లేకపోవచ్చు. అటకమీద దొరికిన తాతగారి కాలంనాటి పసుపు, ఎరుపు ఎనామిల్ డబ్బాల్లో సీసం ఉండటానికి మాత్రం అవకాశముంది. మన దేశంలో ఇంటిరంగుల్లో సీసానికి పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళన్న హద్దు 2017లోగాని అమలుకు రాలేదు.

గోధుమరంగు టాంకు

రంగులు కంటిజబ్బును పట్టిచ్చిన సంగతి సార్జంటుగారిదొక్కటే కాదు. ఇంటరు చదివే అబ్బాయి ఒకడు తన టి-34ను తెచ్చి చూపించాడు. రష్యన్ టాంకులకు ఆ రోజుల్లో 4బి.ఓ. అనే ముదురు ఆకుపచ్చ వేసేవారు. వీడి టాంకుకు కిందిభాగం ఆకుపచ్చ, పైన తిరిగే బురుజు గోధుమరంగు. "రెండూ ఒకటే కదా సార్, డబ్బా మీద చీటీ ఊడిపోయింది" అన్నాడు. ఇషిహారా పుస్తకంలో చుక్కల అంకెలు చూపిస్తే సగం చదవలేకపోయాడు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని పుట్టువర్ణాంధత్వం.

అమ్మాయిలకు అరుదు, అబ్బాయిలకే ఎక్కువ. తాతనుంచి తల్లిద్వారా మనవడికి వస్తుంది. "మీ తమ్ముడికో అన్నకో ఇలా ఉందా అమ్మా?" అని అడిగితే ఆ తల్లి, "మా తమ్ముడు పండు మిరపకాయ, పచ్చి మిరపకాయ పట్టిచూసి చెబుతాడండీ, మేం నవ్వుకునేవాళ్ళం" అంది. అని, నావల్లే వచ్చిందా అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆవిడ చేసిందేం లేదు. దీనికి మందు లేదు, చూపు తగ్గదు. కాని ఆ అబ్బాయికి పైలట్ కావాలని కోరిక. అది కుదరదని చెప్పవలసినవాణ్ణి నేనే అయ్యాను. కాసేపు టాంకు వైపే చూస్తూ కూర్చుని, "విమానాలు డిజైన్ చేయొచ్చా సార్?" అన్నాడు. చేయవచ్చు. వాడు ఇప్పుడు ఏరోనాటిక్స్ చదువుతున్నాడు. సీసాలన్నిటిమీదా రంగు పేర్లు రాసుకున్నాడట.

చేతివణుకు గురించి కూడా ఉత్తరాలు వస్తుంటాయి. కుంచె పట్టినప్పుడు, కప్పు ఎత్తినప్పుడు వణికి, చేయి ఒళ్ళో పెట్టుకుంటే ఆగిపోయే వణుకు చాలావరకు వంశపారంపర్యం, కాఫీతోనో ఆందోళనతోనో పెరిగేది. చేయి ఊరికే ఉన్నప్పుడు వణికి, పని మొదలెడితే తగ్గేదీ, దానితోపాటు చేతిరాత చిన్నదైపోవడం, నడక నెమ్మదించడం ఉన్నదీ పార్కిన్సన్ కావచ్చు. నరాల డాక్టరుకు చూపించాలి. నలభై దాటినవారు చత్వారపు అద్దాలు లేకుండా కుస్తీపడి మెడనొప్పి తెచ్చుకుంటారు. వారికి నా సలహా అద్దాలు, మంచి దీపం, బల్ల ఎత్తు పెంచడం.

ఇక సార్జంటుగారి సంగతి. డిసెంబరులో ఎడమకంటికి ఆపరేషన్ అయింది. పైసా ఖర్చు లేదు, అరగంట పని, కొత్త కటకం అమర్చారు. వారం తర్వాత మా ఓ.పి.కి వచ్చారు, ఈసారి ఆయన చేతిలోనే చెప్పుల పెట్టె, పక్కన మనవడు. క్యూలో నిలబడకుండా నేరుగా లోపలికి రావడం ఆయన్ని ఎరిగినప్పట్నుంచీ అదే మొదటిసారి.

"చూడండి డాక్టరుగారూ" అంటూ విమానం చేతిలోకి తీసుకుని కుడికన్ను మూశారు. తర్వాత ఎడమకన్ను. మళ్ళీ కుడికన్ను. "ఈ కంటికి వీడు చెప్పిందే రైటు. ఆ కంటికి నేను వేసిందే రైటు. మధ్యలో మిగ్ ఒక్కటే ఉంది."

గాజుమూత అతికించేశారు, లోపలి ఇంకు నీలం మార్చలేదు. మార్చవద్దని మనవడే అన్నాడట. రెండో కిట్టు వాళ్ళ నాన్న పంపాడు, ఈసారి లోపలి రంగు మనవడు కలుపుతాడు. కుడికంటి ఆపరేషన్‌కు తేదీ ఎప్పుడిస్తారని అడిగి, చీటీ రాయించుకుని, బి.పి. మాత్రలు లెక్కపెట్టుకుని వెళ్ళారు.